వదిన తెల్లకణాలు

ఆమెని ఇంట్లో అందరూ దుర్భిణి అంటారు. ఆ పేరు పెట్టింది ఆడపడుచు. పెళ్ళైన కొత్తలో కోడలి ఉద్యోగం ఏమిటని చుట్టాలెవరో అడిగితే, "పొద్దస్తమానం దుర్భిణిలో కన్ను పెట్టుకుని కూర్చుంటుంది, దానికి జీతం ఇస్తారు" అని చెప్పిందావిడ. దుర్భిణిలో చూసేది నక్షత్రాలననీ, తను మైక్రోస్కోపులో రక్తకణాల్ని చూస్తాననీ కొత్త కోడలు సర్దిచెప్పబోయింది గానీ అప్పటికే అందరూ నవ్వేశారు. పేరు అంటుకుపోయింది. ఇరవై ఏళ్ళు గడిచినా వదల్లేదు. మొదట్లో ఉడుక్కునేది, తర్వాత అలవాటు పడింది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆమె పనిచేసే ల్యాబు ఒక వైద్య కళాశాల వెనక భవనంలో, రెండో అంతస్తులో ఉంది. కిటికీ పక్కన మైక్రోస్కోపు, దాని ముందు ఆమె నడుముకి సరిపడేలా ఎత్తు తగ్గించిన కుర్చీ, చేతికందే దూరంలో నల్లమీటలతో లెక్కపెట్టే చిన్న యంత్రం. ఆ ల్యాబులో ఆరేళ్ళుగా ఒకటే ప్రశ్న నలుగుతోంది. ప్లాస్టిక్కుల్లోంచీ, డబ్బాల లోపలి పూతల్లోంచీ, ఇంకా పాతిక రకాల వస్తువుల్లోంచీ మనిషి ఒంట్లోకి చేరి, హార్మోన్ల పనిలో వేలుపెట్టే రసాయనాలు కొన్ని ఉన్నాయి. అవి రక్తంలోని తెల్లకణాల్ని ఏం చేస్తాయి అన్నదే ఆ ప్రశ్న.

చూసే పద్ధతి చెప్పడానికి తేలిక, చెయ్యడానికి ఓపిక కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి దగ్గర రెండు చెంచాల రక్తం తీసుకుంటారు. దాన్ని గొట్టంలో పోసి గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, తెల్లకణాలు విడిగా తేలతాయి. క్రిముల్ని మింగేసే రకం కణాల్ని ఏరి, సగం గొట్టాల్లో రసాయనం చుక్క కలిపి, సగం ఊరికే వదిలేస్తారు. తర్వాత నీలంరంగు పట్టించిన చచ్చిన ఈస్టు రేణువుల్ని వాటి ముందు మేతగా వేసి, ఒంటి వేడిలో అరగంట ఉంచుతారు. ఆపైన స్లయిడు మీద పరిచి, నూటికి ఎన్ని కణాలు మేతని మింగాయో లెక్కపెట్టాలి. ఆ లెక్క దుర్భిణిది. ఏ స్లయిడు ఎవరిదో, ఏది రసాయనం కలిపిందో ఆమెకి తెలియకుండా ప్రొఫెసరు గారు అంకెలు మాత్రం వేసి ఇస్తారు. తెలిస్తే కన్ను మొగ్గుతుందని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళలో ఆమె లెక్క మీద ఆయన రెండోమాట అన్నది లేదు.

ఆ ఏడు కొత్త దశ మొదలైంది. అన్ని వయసులవాళ్ళ రక్తమూ కావాలన్నారు. కుర్రవాళ్ళకి కొదవలేదు, మెట్లు దిగితే కాలేజీ నిండా వాళ్ళే. యాభై దాటిన ఆడవాళ్ళే దొరకడం లేదు. ఆ సంగతి భోజనాల దగ్గర దుర్భిణి ఊరికే అంటే, ఆడపడుచు ఆ మాట పట్టుకుంది. దుర్భిణి వదినా అని పిలిచే ఆవిడకి యాభై నాలుగు. పెద్ద దుకాణంలో పద్నాలుగేళ్ళుగా క్యాషియరు. గొంతు ఎంత పెద్దదంటే, అక్కడివాళ్ళు ఆవిణ్ణి మైకు అని పిలుస్తారు. నూనె డబ్బాలు ఏ వరసలో ఉన్నాయో కౌంటర్లోంచి లేవకుండా ఆఖరి మూల దాకా వినిపించేలా చెప్పగలదు. నా రక్తం తీసుకో, పుట్టి బుద్ధెరిగాక ఆసుపత్రి గడప తొక్కలేదు, నీ కణాలకి ఆరోగ్యమంటే ఏమిటో నేర్పించి పంపిస్తా అంది వదిన.

అన్నమాట ప్రకారమే వారం సెలవు రోజున వచ్చింది. వివరాల కాగితంలో ఉద్యోగం అన్నచోట ఆఫీసు, ఫ్యాక్టరీ, పొలం, ఇతరం అని నాలుగు గడులుంటే, ఇతరం మీద టిక్కు పెట్టింది. సూది గుచ్చుతున్నంతసేపూ పక్క కుర్చీలో ఉన్న కాలేజీ పిల్లకి ధైర్యం చెబుతూనే ఉంది. ఆ పిల్ల భయపడటం లేదన్న సంగతి ఆవిడ పట్టించుకోలేదు.

ఆ రోజు ఇరవై స్లయిడ్లు. పదకొండో స్లయిడు దగ్గరికొచ్చేసరికి దుర్భిణి మనసులో ఇది రసాయనం కలిపిందేలే అనుకుంది. అలా అనుకోకూడదని తెలిసినా, ఆరేళ్ళ అలవాటు మీద కంటికి తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కణాలు మేత మీద పడి తింటాయి, ఒక్కో కణం కడుపులో మూడేసి నాలుగేసి నీలం చుక్కలుంటాయి. ఈ స్లయిడులో కణాలు మేత పక్కనే ఉండి కూడా అంటీముట్టనట్టున్నాయి. నూటికి యాభై ఒకటి. రాసుకుని పక్కన పెట్టింది.

సాయంత్రం ప్రొఫెసరు గారు అంకెల కాగితం విప్పారు. పదకొండోది ఏమీ కలపని స్లయిడు. కలపనివి ఎప్పుడూ డెబ్బై అయిదుకి అటూ ఇటూ వస్తాయి. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, గొట్టాలు తారుమారు అయ్యాయేమో చూడమన్నారు. దుర్భిణి మొహం చిన్నబోయింది. గొట్టాలన్నీ మళ్ళీ సరిచూసింది, ఎక్కడా తేడా లేదు. అప్పుడు ఆయన, ఆ రక్తం ఎవరిదో చిట్టాలో చూసి, యాభై నాలుగేళ్ళ ఆడమనిషి, ఉద్యోగం ఇతరం అన్నారు. ఆ రోజు ఆ వయసావిడ ఇంకెవరూ రాలేదు.

చేతిలో ఏదో పొరపాటు జరిగిందని తనకి తనే చెప్పుకుని, వదినని ఇంకో రెండుసార్లు పిలిపించింది. రెండోసారి యాభై మూడు, మూడోసారి నలభై తొమ్మిది. మిగతావాళ్ళ స్లయిడ్లు ఆ రోజుల్లో ఎప్పటిలాగే బాగున్నాయి. ప్రొఫెసరు గారు కాసేపు ఆలోచించి, ఈ దాత మన లెక్కకి పనికిరారు, జాబితాలోంచి తీసేద్దాం అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కొలబద్దే వంకరగా ఉంటే దాంతో దేన్ని కొలుస్తారు?

వదినతో మాత్రం, చాలినంత రక్తం దొరికింది, ఇక రానక్కర్లేదు అని చెప్పింది దుర్భిణి. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చేసిందంటే, ఆమెకే ఆశ్చర్యం వేసింది. వదిన మొహంలో కాస్త నిరాశ కనిపించింది. సెలవు రోజున ఆ కాలేజీ మెట్లెక్కడం ఆవిడకి సరదాగా ఉన్నట్టుంది. ఇంటికెళ్ళి భర్తకి ఉన్న విషయం చెబితే, అక్కకి చెప్పకు, భయపడుతుంది, ఏదో రెండు రోజుల నలతయి ఉంటుంది అన్నాడు. రెండు రోజుల నలత కాదని ఆమెకి తెలుసు. మూడు లెక్కలకీ మధ్య నెల గడిచింది. పైగా వదిన ముంగాలి మీద రెండు నెలలుగా మానని పుండొకటి ఉంది. బస్సు మెట్టు తగిలి గీసుకుపోయింది, ఇవాళ తగ్గుతుంది రేపు తగ్గుతుంది అనుకుంటూ పట్టీ మారుస్తూనే ఉంది. షుగరు ఏమోనని పరీక్ష చేయిస్తే, అదీ లేదన్నారు.

కారణం ఆమెకి ఓ మధ్యాహ్నం సరుకులు కొంటుంటే కంటబడింది. వెతకలేదు, కనిపించింది. వదిన కౌంటరు ముందు వరసలో నిలబడి ఉంది. ముందు నలుగురు. చేసే పనేమీ లేక వదిన చేతుల్ని చూస్తూ ఉంది. ఆవిడ పక్కన శానిటైజరు సీసా. ఒకరి సరుకులయ్యాక ఒకసారి నొక్కి చేతులు రుద్దుకుంటోంది. తడి ఆరకముందే యంత్రంలోంచి బిల్లు చింపుతోంది, మడతపెట్టి ఇస్తోంది, అక్కర్లేదన్నవాళ్ళ బిల్లుల్ని గుప్పిట్లో నలిపి కాళ్ళ దగ్గర బుట్టలో పడేస్తోంది. మళ్ళీ శానిటైజరు. మళ్ళీ బిల్లు. కాగితం రోలు అయిపోతే వేళ్ళతో కొత్తది ఎక్కించి, అచ్చు పడుతోందో లేదో గోటితో గీసి చూసుకుంది. గీత నల్లగా తేలింది.

సిరా అక్కర్లేకుండా వేడికే అక్షరాలు తేలే కాగితం అది. దాని మీద పొడిలా పూసేది, తను రోజూ చుక్కలుచుక్కలుగా గొట్టాల్లో కలిపే రసాయనమే. ఆ సంగతి ఆమె చదివింది. అది ఏయే వస్తువుల్లో ఉంటుందో చెప్పే జాబితాలో ఎక్కడో పదకొండో పన్నెండో వరసలో బిల్లు కాగితం ఉంటుంది. చెయ్యి తడిగా ఉంటే, అందులోనూ శానిటైజరు రాసుకుని ఉంటే, అది చర్మంలోంచి ఎన్నో రెట్లు త్వరగా లోపలికి దిగుతుందనీ చదివింది. చదవడం వేరు, వదిన చేతులు చూడటం వేరు. ఆమె వంతు వచ్చింది. ఏమ్మా దుర్భిణీ, ఏదో పారేసుకున్నదానిలా ఉన్నావేం అని అడిగింది వదిన. ఏం లేదంది. వదిన చింపిచ్చిన బిల్లుని చివర్న రెండు వేళ్ళతో పట్టుకుని సంచిలో వేసుకుంది.

మర్నాడు ప్రొఫెసరు గారికి చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. విని, ఒక మనిషితో ఏదీ తేలదు అన్నారు. ఆవిడ కణాలు మందకొడిగా ఉన్నాయన్నది నిజం. ఆవిడ రోజంతా ఆ కాగితం పట్టుకుంటుందన్నదీ నిజం. రెండు నిజాల మధ్య తాడు కట్టడానికి ఇంకా చాలామంది కావాలి. అదీగాక, దాతలకి వాళ్ళవాళ్ళ ఫలితాలు చెప్పబోమని ఒప్పంద కాగితంలోనే ఉంది, అర్థం తేలని అంకె చెప్పి మనిషిని హడలగొట్టడం మంచిది కాదనే అలా రాసుకున్నాం అని గుర్తుచేశారు. ఆమె తలూపింది. అయినా మెట్లు దిగుతున్నప్పుడు, ఆ కాగితం రాసినవాళ్ళెవరూ దాతతో కలిసి ఒకే బల్ల మీద భోజనం చెయ్యరు కదా అనిపించింది.

మూడు వారాలు అలా మోసింది. తర్వాత వదిన సెలవు రోజున ఆవిడ ఇంటికి వెళ్ళింది. వదిన మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతలు పెడుతోంది. దుర్భిణి పక్కన కూర్చుని, తనూ ఒక తువ్వాలు అందుకుని, నాలుగు మడతలు వేసి, మళ్ళీ విప్పేసింది.

"వదినా, మీ రక్తం ఇక చాలని చెప్పాను కదా. అది అబద్ధం."

వదిన చేతులు ఆగాయి. దుర్భిణి మొదట్నుంచీ అన్నీ చెప్పింది, మూడుసార్లు వచ్చిన అంకెలూ, వరసలో నిలబడి చూసిందీ, ప్రొఫెసరు గారు అన్నదీ. ఆ రసాయనం చేసే పని ఏమిటో కూడా తనకి చేతనైనట్టు చెప్పింది. ఒంట్లో గ్రంథులు హార్మోన్లతో కణాలకి కబుర్లు పంపుతాయి, ఇది హార్మోనులా వేషం కట్టుకొచ్చి తప్పుడు కబురు చెబుతుంది, కణం నమ్మేస్తుంది అంది.

"నకిలీ కూపన్లాగా," అంది వదిన. "అచ్చు బాగుంటే మేమూ తీసేసుకుంటాం."

"అలాగే."

వదిన చీర అంచులు కలిపి, గడ్డం కింద నొక్కిపెట్టి, నిదానంగా మడతపెట్టింది.

"ఆ కాగితం సంగతి నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు."

"ఈ మూడు వారాల్లో మా ఇంటికి ఎన్నిసార్లొచ్చావు?"

దుర్భిణి లెక్క వేసుకుంది. "నాలుగు."

"నాలుగుసార్లూ నా కాలి పట్టీ చూశావు. తగ్గిందా వదినా అని అడిగావు కూడా." ఆవిడ గొంతు పెరగలేదు. ఆ గొంతు అంత తగ్గి వినపడటం దుర్భిణికి అదే మొదటిసారి. "అయితే నా ఒంట్లో కాపలా లేదంటావు."

"ఉంది వదినా. కాస్త మందంగా ఉంది. ఆ కాగితం వల్లేనని రూఢిగా చెప్పలేను. పుండుకీ దానికీ సంబంధం ఉందనీ చెప్పలేను."

"రూఢిగా చెప్పలేనిదానికి ఇప్పుడెందుకొచ్చావు మరి?"

"రక్తం మీది కాబట్టి," అంది దుర్భిణి.

వదిన మడతపెట్టిన బట్టలన్నీ ఎత్తుకుని బీరువాలో పెట్టడానికి లేచింది. వెళ్ళిరా అంది. కోపంగా అనలేదు, టీ తాగి వెళ్ళమనీ అనలేదు. ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లోంచి టీ తాగకుండా బయటికి రావడం దుర్భిణికి అదే మొదలు.

తర్వాత పదిహేను రోజులు వదిన ఫోను చెయ్యలేదు. తమ్ముడు చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేసింది. ఆవిడ కోపం రసాయనం మీద కాదనీ, దుకాణం మీద కాదనీ, తన మీదేననీ దుర్భిణికి తెలుసు. న్యాయంగానే ఉందనిపించింది. ఒకరోజు రెండు వందల కణాలు లెక్కపెట్టాక, ఏ మీట దేనికి నొక్కిందో అనుమానం వచ్చి మొత్తం చెరిపేసి మొదటికొచ్చింది.

పదహారో రోజు పొద్దున ల్యాబు తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. చెయ్యి మోచేతి దాకా మడిచి, సిద్ధంగా ఉంది.

"సెలవు పెట్టాను. రెండు వారాలయింది ఆ కౌంటరు ముట్టుకుని. బజారుకి వెళ్ళినా బిల్లు పట్టుకోలేదు. ఇప్పుడు లెక్కపెట్టు," అంది.

దుర్భిణికి కళ్ళు చెమర్చాయి గానీ, సూది పట్టుకునే పని ఉండటం మంచిదయింది. ప్రొఫెసరు గారు ఆ రోజు కావాలనే మరో పన్నెండు స్లయిడ్లలో కలిపి, అంకెలు మార్చి ఇచ్చారు. దుర్భిణి ఎప్పటికన్నా నెమ్మదిగా లెక్కపెట్టింది. సాయంత్రం కాగితం విప్పితే, వదినది నూటికి అరవై ఎనిమిది.

వదిన బయట బల్ల మీద అప్పటిదాకా కూర్చునే ఉంది. అంకె విని, బాగుపడ్డట్టేనా అని అడిగింది. ఈ రకం కణాలు ఒంట్లో నాలుగైదు రోజులకి మించి బతకవు, మీ ఎముకల్లో రోజూ కొత్తవి పుడుతుంటాయి, ఇవాళ నేను చూసినవి మీరు కౌంటరు వదిలాక పుట్టినవి అని చెప్పింది దుర్భిణి. ఆ మాట వదినకి బాగా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకుంది. ప్రొఫెసరు గారు మాత్రం బయటికొచ్చి, ఇది సంతోషించాల్సిన సంగతే అయినా ఇప్పటికీ ఒక్క మనిషి లెక్కేననీ, సెలవులో బాగా నిద్రపోయినా కణాలు చురుగ్గా అవుతాయనీ మర్యాదగా చెప్పారు.

"ఎంతమంది కావాలండీ మీకు?" అని అడిగింది వదిన.

కనీసం ఇరవైమంది క్యాషియర్లు, వాళ్ళతో పోల్చడానికి ఆ కాగితం పట్టుకోనివాళ్ళు ఇరవైమంది అన్నారాయన. రెండో ఇరవైమందికి కాలేజీ వాళ్ళు సరిపోతారేమో అని కూడా అన్నారు. వదిన ఒప్పుకోలేదు. మా గోడౌనులో పనిచేసేవాళ్ళుంటారు, మాతోపాటే అదే షిఫ్టు, అదే క్యాంటీను తిండి, అదే బస్సు, తేడా అల్లా వాళ్ళు బిల్లు చింపరు, పోల్చాలంటే వాళ్ళతో పోల్చండి అంది. ప్రొఫెసరు గారు జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

అంతకుముందే దుర్భిణి ఆయన్ని ఒక్క కోరిక కోరింది. ఒప్పంద కాగితంలో ఇంకో వరస చేర్చమంది. మీ ఫలితం మీకు చెప్పాలా, అవును, కాదు అని రెండు గడులు. అర్థం తేలని అంకె అయినా సరే, తేలలేదన్న సంగతితో సహా అడిగినవాళ్ళకి చెబుదామంది. ఆయన ఇలాంటి పరిశోధనలకి అనుమతిచ్చే కమిటీకి రాశారు. ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ వదిన మనుషుల్ని పోగుచేస్తూనే ఉంది. మైకు అన్న పేరు అప్పుడు బాగా పనికొచ్చింది. ఊళ్ళో ఉన్న మూడు దుకాణాల నుంచి ఇరవై ఇద్దరు క్యాషియర్లూ, పంతొమ్మిదిమంది గోడౌను వాళ్ళూ వచ్చారు. ఆవిడ దుకాణం మేనేజరు కూడా వచ్చాడు. రద్దీ రోజుల్లో తనూ కౌంటరులో కూర్చుంటాడట. ముప్పై ఏళ్ళ మర్యాదస్తుడు. సూది చూసి మొహం తిప్పుకుని, ఫలితం చెప్పాలా అన్నచోట కాదు అని టిక్కు పెట్టాడు.

లెక్క పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. అనుకున్నంత శుభ్రంగా రాలేదు. మొత్తమ్మీద క్యాషియర్ల కణాలు గోడౌను వాళ్ళ కణాల కన్నా మందంగా ఉన్నమాట నిజమే. కానీ ఇద్దరు క్యాషియర్లవి నిక్షేపంగా ఉన్నాయి. అందరికన్నా అధ్వాన్నంగా వచ్చింది గోడౌనులో మూటలు మోసే బలమైన మనిషిది, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. అతను అవును అని టిక్కు పెట్టాడు. దుర్భిణి అతన్ని పిలిచి అంకె చెప్పి, కారణం తెలియదని చెప్పి, డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. అతను తిరిగొస్తూ, తెలియదని చెప్పి కూడా ఇంతదూరం వెంట వచ్చినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. మెచ్చుకోలో వెటకారమో ఆమెకి తెలియలేదు.

మేనేజరు అంకె ఆమె దగ్గరే ఉంది. యాభై. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పకుండా ఉండటం ఈసారి వేరేగా ఉంది, ఎందుకంటే ఈసారి ఆ నిర్ణయం తనది కాదు. దుకాణానికి వెళ్ళినప్పుడల్లా ఆయన నమస్కారం పెడతాడు. ఆమె కూడా పెడుతుంది. మొత్తం ఫలితాలు క్యాషియర్లందరి ముందూ చదివిన మర్నాడే, ఆయన బిల్లు కాగితం మార్చమని పై ఆఫీసుకి ఉత్తరం రాశాడని వదిన చెప్పింది. శానిటైజరు సీసాలు తీయించేసి, కౌంటర్ల వెనక సబ్బూ పొడి తువ్వాళ్ళూ పెట్టించాడు. పొడి చేతులతోనే బిల్లు చింపమన్నాడు. రబ్బరు తొడుగులిస్తే, వేళ్ళకి కాగితం అందడం లేదని సగంమంది రెండో రోజుకే మానేశారు.

మూడు నెలల తర్వాత కొత్త బిల్లు రోళ్ళొచ్చాయి. పెట్టె మీద ఆ పాత రసాయనం పేరు రాసి, ఇందులో అది లేదు అని పచ్చటి అక్షరాలతో అచ్చేసి ఉంది. ఆ వేళ వదిన క్యాంటీనులో అందరికీ టీ పోయించింది. ఆవిడ పుండు ఎప్పుడో మానిపోయింది, ఎందుకు మానిందో చెప్పే సాహసం దుర్భిణి చెయ్యలేదు. వదినా అడగలేదు. ఒక కొత్త రోలు మాత్రం సంచిలో వేసుకొచ్చి, నీ దుర్భిణిలో దీన్నీ చూడు, బాగుందని నీ నోటితో విన్నాక ఇంకోసారి టీ పోయిస్తానంది.

కాగితాన్ని ముక్కలు చేసి, పూతని కరిగించి, రసాయన శాస్త్రం వాళ్ళకి పంపారు. వాళ్ళు చెప్పింది, పాతది నిజంగానే లేదు, దాని బదులు దాని పోలికలే ఉన్న ఇంకొకటి ఉంది అని. పెట్టె మీద అచ్చులో అబద్ధమేమీ లేదు. ప్రొఫెసరు గారు దాన్ని చుక్కలుగా కలిపి, స్లయిడ్లకి అంకెలు వేసి ఇచ్చారు. మూడు రోజులు, మూడు వేరువేరు మనుషుల రక్తం. మూడో రోజు మధ్యాహ్నం కాగితం విప్పారు. ఏమీ కలపనివి డెబ్బై నాలుగు, డెబ్బై ఏడు, డెబ్బై ఒకటి. కొత్తది కలిపినవి అరవై రెండు, అరవై అయిదు, యాభై తొమ్మిది. పాతదంత చెడ్డది కాదు. మంచిదీ కాదు.

ఇంకో పదిమంది రక్తంతో చూశాక గానీ ఏమీ అనలేం అన్నారు ప్రొఫెసరు గారు. అవునండీ, ఏమీ అనలేమన్న మాటే చెప్పొస్తాను అని, దుర్భిణి తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఆయన వారించలేదు. తెలిసింది మూడు గొట్టాల సంగతే, మనుషుల సంగతి కాదని కూడా చెప్పండి అన్నారు.

దుకాణంలో రద్దీ తగ్గే వేళ. వదిన ఆమె మొహం చూసి, కౌంటరు మూసి ఉందన్న బోర్డు పెట్టి, వెనక గోడౌనులోకి దారి తీసింది. సబ్బుల పెట్టెల మీద ఇద్దరూ కూర్చున్నారు. దుర్భిణి ఆరు అంకెలూ చెప్పింది, ప్రొఫెసరు గారు చెప్పమన్నదీ చెప్పింది.

వదిన వింటూ, ఒళ్ళో చేతులు తిప్పి అరచేతులు చూసుకుంది. "ఎప్పుడు తెలిసింది నీకిది?"

"గంటైంది. బస్సు రాలేదు, లేకపోతే ఇంకా ముందే వచ్చేదాన్ని."

బయట ఎవరో తోపుడు బండిని గచ్చు మీద లాక్కెళ్తున్నారు, ఒక చక్రం కీచుమంటోంది. ఆ చప్పుడు దూరమయ్యాక వదిన, ఇన్నాళ్ళ కష్టమూ ఒక పేరు మార్చడానికే అయిందన్నమాట అంది. దుర్భిణికి ఓదార్చాలనిపించింది గానీ, ఓదార్పు మాటల్లో అబద్ధం ఎక్కడ దూరుతుందో అని భయమేసి ఊరుకుంది.

"పదిమంది కావాలన్నాడా మీ ప్రొఫెసరు?"

"పదిమంది."

"కొత్త కాగితం మీద పనిచేసేవాళ్ళేనా?"

"వాళ్ళూ కావాలి వదినా. ముందు గొట్టాల్లో తేలాలి, తర్వాత మనుషుల్లో చూడాలి. చాలాకాలం పడుతుంది."

"పట్టనీ." వదిన లేచి, చీర వెనక అంటిన దుమ్ము దులుపుకుంది. "గురువారం అయితే మా షిఫ్టు వాళ్ళు ఖాళీ. ఇద్దరికి సూదంటే భయం, వాళ్ళ చెయ్యి నేను పట్టుకుంటాను. మేనేజరుకి నేను చెప్పుకుంటాలే. బిల్లు కావాలా, ఫోనుకి పంపమంటారా అని జనాన్ని అడిగితే సగంమంది ఫోనే అంటారు, ఆ మాట ఈసారి పై ఆఫీసుకి రాయమంటాను."

ఆ సాయంత్రం దుర్భిణి ల్యాబుకి తిరిగొచ్చి, కొత్త గొట్టాలకి అంకెలు అతికించింది. పది చాలనుకుని, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు తీసిపెట్టింది. గురువారం పదముగ్గురొచ్చారు.